ట్యాంకు పొర్లుతుంటే లావోత్సు ఏం చేసేవాడు?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను ఒక ప్రభుత్వ శాఖలో సూపరింటెండెంటుగా పనిచేసి రెండేళ్ల కిందట రిటైరయ్యాను. వనస్థలిపురంలో సొంత ఫ్లాటు. కొడుకు, కోడలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. మనవడు ఏడో తరగతి. మా అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శిని నేనే. వాచ్‌మన్ మోటారు వేసి మరిచిపోతాడు, ట్యాంకు పొర్లిపోతుంది. నాలుగో అంతస్తు కుర్రాడు ఆటోమేటిక్ కంట్రోలర్ పెట్టిద్దామంటాడు, నేను వద్దన్నాను. రెండో అంతస్తాయన రోజూ వేరేవాళ్ల పార్కింగ్‌లో కారు పెడతాడు. ఇక ఇంట్లో, మనవణ్ని పొద్దున్నే ఐదున్నరకు లేపి లెక్కలు చేయిస్తుంటే కోడలు ‘మామయ్యా, వాడి చదువు నేను చూసుకుంటాను లెండి’ అంది. మర్యాదగానే అంది. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేనంటే ఎవరికీ పనిలేనట్టుంది.

ఆ మధ్య ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ప్రాచీన చైనా తత్వవేత్త లావోత్సు పుస్తకం కొన్నాను. వూ వెయ్, అంటే ఏమీ చేయకుండా ఉండటమే గొప్ప అని అందులో ఉంది. సరే చూద్దామని ఒక నెల నోరు కట్టుకున్నాను. ఎవరూ మారలేదు. నాకు మాత్రం బీపీ పెరిగింది. ట్యాంకు పొర్లుతుంటే కూడా చూస్తూ కూర్చోవాలా? ఈ తత్వం కొండల్లో ఉండే సాధువులకేనా, మన ఊళ్లో సంసారులకు పనికొస్తుందా? కార్యదర్శి పదవి వదిలేయమంటారా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం:

అన్నయ్యగారూ,

ముందు ట్యాంకు సంగతి తేల్చేద్దాం. పొర్లుతుంటే లేచి వెళ్లి మోటారు ఆపండి. లావోత్సు మీ పక్కన కూర్చుని ఉంటే ఆయనా అదే చేసేవాడు, బహుశా మీకంటే ముందే లేచేవాడు. మీ పుస్తకంలో 63వ అధ్యాయం తీసి చూడండి. కష్టమైన పని ఇంకా తేలికగా ఉన్నప్పుడే చెయ్యాలని, పెద్దదయ్యేదాన్ని చిన్నగా ఉన్నప్పుడే పట్టుకోవాలని ఉంటుంది. చేతులు ముడుచుకుని కూర్చునేవాడి మాటలు కావవి. ఆ కుర్రాడు పెట్టిద్దామంటున్న కంట్రోలర్ చూస్తే ఆయన ముచ్చటపడేవాడు కూడా. నీళ్లు నిండాయి, మోటారు ఆగింది, ఎవరూ ఎవరినీ తిట్టలేదు. మీరు దాన్ని ఎందుకు వద్దన్నారో ఉత్తరంలో రాయలేదు. నాకొక అనుమానం ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మీకు నచ్చే విషయం ఒకటి చెబుతాను. లావోత్సు కూడా ఉద్యోగేనట. జౌ రాజుల కొలువులో దస్తావేజులు భద్రపరిచే చోట పనిచేసేవాడని, రెండు వేల ఏళ్లకు పైగా వెనకటి చరిత్రకారుడు సిమా చియెన్ రాశాడు. రికార్డు రూము మనిషన్నమాట. రాజ్యం దిగజారుతుండటం చూసి, కొలువు వదిలి బయలుదేరాడు. సరిహద్దు కనుమ దగ్గర కాపలా అధికారి ఆపి, ఎలాగూ వెళ్లిపోతున్నారు కదా, మాకు ఏదైనా రాసిచ్చి వెళ్లండని అడిగితే, 5,000 పైచిలుకు అక్షరాలు రాసిచ్చి వెళ్లాడట. అదే మీరు కొన్న పుస్తకం, తావో తే చింగ్, 81 చిన్న చిన్న అధ్యాయాలు. అలాంటి మనిషి ఒకడు నిజంగా ఉన్నాడా అని పండితులకు సందేహాలున్నాయి. పుస్తకం మాత్రం పాతదే. 1993లో గువోదియన్ అనే చోట ఒక సమాధిలో బయటపడిన వెదురు బద్దల మీద ఇందులోని భాగాలు ఉన్నాయి. అవి క్రీ.పూ. 300 ప్రాంతానివి.

ఆ కథ నిజమైనా కాకపోయినా, అందులో నాకు నచ్చేది ఆయన చార్జి అప్పగించిన తీరు. రాయాల్సింది రాసిచ్చాడు, వెళ్లాడు. టీ తాగే వంకతో మళ్లీ ఆఫీసుకు వచ్చి, తన సీట్లో కొత్తగా కూర్చున్నవాడు ఫైళ్లు ఎలా కడుతున్నాడో తొంగి చూడలేదు. చివరికి ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదని రాసి సిమా చియెన్ ఊరుకున్నాడు. మన రిటైరైనవాళ్లలో ఇలాంటివాళ్లు అరుదు. నేనెరిగినవాళ్లలో అయితే ఒక్కరూ లేరు.

ఇక మీ నెల రోజుల మౌనం. అది వూ వెయ్ కాదండీ, సమ్మె. నిజం చెప్పండి, ఆ నెలంతా మీరు మాట్లాడలేదా? నోటితో మాట్లాడి ఉండరు. పేపరు మడత పెట్టే చప్పుడుతో మాట్లాడి ఉంటారు. పిల్లవాడు ఏడింటికి లేస్తే గోడ గడియారం వైపు చూసి ఉంటారు. ట్యాంకు పొర్లినప్పుడు ‘నాకెందుకులే’ అని పైకి వినబడేలా అనుకుని ఉంటారు. ఎవరెవరు ఎన్ని తప్పులు చేశారో లెక్క రాసుకుంటూ మౌనంగా ఉన్నారు గనక బీపీ పెరిగింది. కోడలికి ఆ భాష మీరనుకున్నదానికంటే బాగా అర్థమై ఉంటుంది. ఆ నెల ఆమెకు అంతకుముందు కంటే భారంగా గడిచిందనే నా నమ్మకం. అజమాయిషీ చేతుల్లోంచి చూపుల్లోకి మారింది, అంతే. పని మానేయడం తేలిక. ఎదుటివాళ్లు నాలాగే చెయ్యాలన్న పట్టుదల మానేయడమే కష్టం, లావోత్సు అడిగేది రెండోది.

60వ అధ్యాయంలో ఒకే ఒక్క మాటతో ఆయన దీన్ని తేల్చేస్తాడు. పెద్ద రాజ్యాన్ని ఏలడం చిన్న చేపలు వండినట్టు ఉండాలంటాడు. మీరు శాకాహారులైతే ఈ పేరా దాటేయండి. చేపల పులుసు కాచినవాళ్లెవరికైనా ఈ మాటకు వ్యాఖ్యానం అక్కర్లేదు. ముక్కలు వేశాక అందులో గరిటె పెట్టరు. గిన్నెను రెండు పక్కలా గుడ్డతో పట్టుకుని మెల్లగా కుదుపుతారు. మా ఇంట్లో రాంనగర్ మార్కెట్ నుంచి చేప తెచ్చిన రోజున, ఉప్పు సరిపోయిందా అని చూసే నెపంతో ఎవరో ఒకరు గరిటె పట్టుకుని రావడం, వంట చేస్తున్నవాళ్లు కేకెయ్యడం మామూలే. వండేవాళ్లు పొయ్యి దగ్గర ఖాళీగా ఏమీ ఉండరు. చింతపండు పులుపు చూస్తారు, మంట తగ్గిస్తారు, ఎప్పుడు దించాలో కనిపెడుతుంటారు. చేప విరిగే పని ఒక్కటే చెయ్యరు. మీరు ఇంట్లో ఉండాల్సింది అలా. మీరేమో నెల రోజులు పొయ్యి దగ్గర్నుంచే వెళ్లిపోయారు, పైగా అలిగి.

మనవడి సంగతే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది. లావోత్సు తర్వాతివాడు చువాంగ్‌త్సు, క్రీ.పూ. నాలుగో శతాబ్దం మనిషి. లావోత్సు సూత్రాలు చెబుతాడు, ఈయన కథలు చెబుతాడు. నాకు ఈయనే ఎక్కువ ఇష్టం. ఆయన పేరు మీదున్న పుస్తకంలో ఒక సముద్రపక్షి కథ ఉంది. ఎక్కడిదో ఒక పక్షి లూ రాజ్యపు రాజధాని బయట వాలింది. ప్రభువుకు పట్టరాని సంతోషం కలిగింది. దాన్ని పూర్వీకుల గుడికి తెప్పించాడు. మద్యం పోయించాడు. రాజలాంఛనాల సంగీతం వాయింపించాడు. ఎద్దు, గొర్రె, పంది కోయించి విందు పెట్టాడు. పక్షి కళ్లు తిరిగి, బెంగపడి, ఒక్క ముక్క తినలేదు, ఒక్క గుక్క తాగలేదు. మూడు రోజులకు చచ్చిపోయింది. ప్రభువు తనకు బలమిచ్చేవాటితో పక్షిని పెంచాడు, పక్షికి బలమిచ్చేవాటితో కాదు అంటాడు చువాంగ్‌త్సు.

ఈ కథలో ప్రభువు దుర్మార్గుడు కాడు, పిసినారి కాడు. ఉన్నదాంట్లో అన్నిటికన్నా గొప్పది తెచ్చి పెట్టాడు. ప్రేమకు లోటేమీ లేదు. మీ విషయంలోనూ నాకు ఆ అనుమానం లేదు. ఐదున్నరకు లేచి లెక్కలు చేయడం మీకు జీవితాన్నిచ్చి ఉంటుంది. ఆ అలవాటుతోనే పోటీ పరీక్ష గట్టెక్కి, ఉద్యోగం తెచ్చుకుని, ఆ ఉద్యోగంతోనే వనస్థలిపురంలో ఫ్లాటు కొనుక్కుని ఉంటారు. మీ నాలుకకు అంత రుచిగా ఉన్నదాన్నే వాడికీ వడ్డిస్తున్నారు. వాడికి ఏది బలమో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. వాచ్‌మన్ గురించి రాశారు, రెండో అంతస్తాయన గురించి రాశారు. పిల్లవాడికి ఏమంటే ఇష్టమో, రాత్రి ఎన్నింటికి పడుకుంటాడో, లెక్కల్లో ఎక్కడ తడబడతాడో రాయలేదు. బహుశా మీకు తెలుసేమో, రాయాలని తోచలేదేమో.

అలాగని పిల్లల్ని వదిలేయమని ఈ కథ చెప్పడం లేదు, ఇది గట్టిగా చెప్పాలి. ఫోన్లో తావో గురించి, అంటే లావోత్సు చెప్పిన ‘దారి’, ప్రకృతి తనంతట తాను నడిచే తీరు గురించి రీళ్లు చూసి, పిల్లల్ని వాళ్ల దారిన వదిలేయడమే జ్ఞానం అనేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. చువాంగ్‌త్సు అదే కథలో పక్షిని ఎలా పెంచాలో కూడా చెప్పాడు. అడవిలో వాలనివ్వాలి, నదుల మీద, చెరువుల మీద తేలనివ్వాలి, చిన్న చేపలు తిననివ్వాలి. తిండి మానిపించమనలేదు, తిండి మార్చమన్నాడు. కాబట్టి పొద్దుటి క్లాసు ఆపేసి, సాయంత్రం వాడు బడి నుంచి వచ్చి ఏదైనా తింటున్నప్పుడు దగ్గర కూర్చోండి. లెక్కల మాట మీరు ఎత్తకండి. వాడే పుస్తకం తెచ్చి అడిగితే, అడిగిన ఒక్క లెక్క చెప్పండి. రెండోది చెప్పాలని చెయ్యి ఊరుకోదు, నాకు తెలుసు. దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట కోచింగులు వాడికోసం ఎలాగూ కాచుకుని ఉన్నాయి. ఇంట్లో తాతయ్య కూడా ఇంకో సెంటర్ తెరవక్కర్లేదు.

ఇప్పుడు నా అనుమానం. కంట్రోలర్ పెడితే ట్యాంకు పొర్లదు. ట్యాంకు పొర్లకపోతే వాచ్‌మన్‌ని కేకెయ్యనక్కర్లేదు. అప్పుడు పొద్దున్న ఆరింటికి మేడ మెట్లెక్కే పని మీకు ఉండదు. ‘నేనంటే ఎవరికీ పనిలేనట్టుంది’ అని మీరు మధ్యలో ఎక్కడో ఇరికించి రాశారు చూడండి, నా మటుకు ఉత్తరమంతా ఆ ఒక్క వాక్యమే. వూ వెయ్ గురించి మీరు అడిగింది పైపై ప్రశ్న. పనికిరాకుండా పోతానేమో అన్నది లోపలి టెన్షన్.

ఈ విషయంలో తావో పెద్దలు మీకు పనికొచ్చేంతగా మన నీతి శతకాలు కూడా పనికిరావు. చువాంగ్‌త్సు కథల్లో ఒక మహావృక్షం ఉంటుంది. పడవ చేస్తే మునుగుతుంది, తలుపు చేస్తే బంక కారుతుంది, స్తంభం చేస్తే పురుగు పడుతుంది. వడ్రంగి కన్నెత్తి చూడకుండా వెళ్లిపోతాడు. ఆ చెట్టు అంత పెరిగింది, అంతకాలం బతికింది ఎందుకూ పనికిరాకపోవడం వల్లే. మన ఊళ్లో నాకు ఈ కథ గుర్తొచ్చే చోటు అఫ్జల్‌గంజ్. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి ఊరిని ముంచెత్తినప్పుడు, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెప్పుకుంటారు. చింతచెట్టు పనికిరానిదని చారు పోసుకునే జాతి ఎలాగూ అనదు. అయినా వరదలో జనం ఎక్కడానికని దాన్నెవరూ నాటలేదు. ఉన్నచోట ఊరికే ఉంది, అవసరం పడినవాళ్లు వచ్చి ఎక్కారు. ఇంట్లో పెద్దవాళ్లు చాలామంది చేసేది కూడా ఇదే. కోడలికి ఆఫీసులో ఏదో తేడా వచ్చిన రోజున, కొడుకు ఉద్యోగం ఊగిసలాడిన రోజున, పిల్లవాడు పరీక్ష పోగొట్టుకుని ఎవరికి చెప్పాలో తెలియని రోజున, రోజంతా వాళ్లను సరిదిద్దుతూ ఉండే మనిషి దగ్గరికి మాత్రం రారు.

ఆ వరద మాట వచ్చింది గనక, మన ఊరికి ఈ తత్వం పనికొస్తుందా అన్న ప్రశ్నకు జవాబు అక్కడే చెప్పేస్తాను. నీరు మెత్తనిది, అందరూ ఏవగించుకునే పల్లానికి పోతుంది, అందుకే తావోకు దగ్గర అని లావోత్సు నీటిని తెగ పొగుడుతాడు. హైదరాబాద్‌వాళ్లకు నీటి రెండో ముఖం కూడా తెలుసు. 2020 అక్టోబర్ వానలు మీరూ మరిచిపోయి ఉండరు. 1908 తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సూచనల మీద ఊరికి ఎగువన రెండు జలాశయాలు వచ్చాయి, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్. ఆయన లావోత్సును చదివారని నేననడం లేదు. కానీ పద్ధతి అదే. నీటితో తగువు పెట్టుకోకుండా, అది వచ్చే దారి చూసి, ఆగడానికి చోటిచ్చారు. ఆ చోట్లు, నాలాలు ఒక్కొక్కటే పూడ్చి ఇళ్లు కట్టుకున్నది మనం. కాబట్టి ఇది కొండల్లో సాధువుల కోసమే అని నేననుకోను. అసలు ఆ పుస్తకంలో సగం మాటలు పాలకులను ఉద్దేశించినవే, అంటే కార్యదర్శులకూ వర్తిస్తాయి.

అన్నీ కళ్లకద్దుకోవాల్సిన పనీ లేదు. 3వ అధ్యాయంలో జనం బుర్రలు ఖాళీగా ఉంచి కడుపులు నింపమంటాడు. 80వ అధ్యాయంలో పక్కరాజ్యపు కోడికూత వినబడుతున్నా, చచ్చేదాకా అటువైపు పోని జనం కావాలంటాడు. మొదటిది నాకు అస్సలు మింగుడు పడదు. రెండోది పాటిస్తే హైదరాబాద్ సగం ఖాళీ అవుతుంది. మీ సంఘంలో మాత్రం ఆ మొదటిదానికి పూర్తిగా వ్యతిరేకంగా నడవండి. నెలనెలా జమాఖర్చులు కింద నోటీసు బోర్డు మీద పెట్టండి. లిఫ్టు వైరు తెగినా, మీటర్ల దగ్గర నిప్పురవ్వలు వచ్చినా తావో గీవో అనకుండా ఆ నిమిషమే మెకానిక్‌కు ఫోన్ చెయ్యండి.

రెండో అంతస్తాయన గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. చువాంగ్‌త్సు చెప్పిన కసాయి ఒకడు 19 ఏళ్లుగా ఒకే కత్తి వాడతాడు, అయినా దాని పదును పోదు. ఎముక మీద దించడు, కీళ్ల మధ్య సందు చూసుకుని పోనిస్తాడు. చిక్కుముడి దగ్గరికొస్తే చెయ్యి నెమ్మది చేస్తాడు. పొద్దున తొమ్మిదింటికి, ఆయన ఆఫీసుకు పరుగెత్తే వేళ, వాట్సాప్ గ్రూపులో కారు ఫోటో పెట్టి అందరి ముందు అడగడం ఎముక మీద దించడమే. ఆదివారం సాయంత్రం తలుపు కొట్టి, కూర్చుని, ఆయన స్థలంలో ఏమిటి ఇబ్బందో అడగండి. ఏ స్తంభమో అడ్డొచ్చి తలుపు తెరుచుకోవడం లేదేమో. ఉత్త నిర్లక్ష్యమే అని తేలితే రూలు చూపించి జరిమానా వేయండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ముందు ఒకసారి అడగండి.

ఇక పదవి. వదిలేయండి, అయితే రేపే వద్దు, అలిగినట్టు అసలే వద్దు. కంట్రోలర్ పెట్టిద్దామన్న కుర్రాడు మీ పక్కనే ఉన్నాడు, అతనికి అప్పగించండి. దానికి ముందు ఒక నోటు పుస్తకం తీసి ఆఫీసులో చార్జి నోట్ రాసినంత శ్రద్ధగా రాయండి. రోజు విడిచి రోజు నల్లా ఎన్నింటికి వస్తుందో, సంపు వాల్వు ఎటు తిప్పాలో, బోరు మోటారు ఏ నెలలో మొరాయిస్తుందో, లిఫ్టు సర్వీసు ఒప్పందం ఎప్పుడు ముగుస్తుందో, ఏ ఎలక్ట్రీషియన్ పిలిస్తే వస్తాడో, ఏ ఫ్లాటువాళ్లు మెయింటెనెన్స్ ఆలస్యంగా ఇచ్చినా తప్పక ఇస్తారో రాయండి. ఈ చివరిది ఎక్కడా దొరకని సమాచారం, మీ ఒక్కరికే తెలుసు. కుర్రాడు అడిగితే చెప్పండి, అడగకపోతే చెప్పకండి. మొదట్లో తప్పులు చేస్తాడు, చెయ్యనివ్వండి, డబ్బు, కరెంటు, లిఫ్టు విషయాల్లో తప్ప.

సర్వసభ్య సమావేశం పెట్టినప్పుడు ఎన్నికతో పాటు బ్యాంకు ఖాతా సంతకాలు మార్చే తీర్మానం కూడా అప్పటికప్పుడే రాయించి అందరిచేతా సంతకాలు పెట్టించండి. బ్యాంకువాళ్లు దాని కాపీ అడుగుతారు. అది లేకపోతే ప్రతి చెక్కుకూ ఆ అబ్బాయి మీ తలుపు కొట్టాల్సి వస్తుంది, మీకు అదే బాగుందనిపించే ప్రమాదం కూడా ఉంది.